పద్యనాటకానికి హార్మోనియం వాయించడం ఎలా: పాత పద్యాల మీద నా పేచీలతో సహా

భజనల్లో చెయ్యి తిరిగినవాళ్లు, సినిమా పాట ఏదడిగినా కీబోర్డు మీద పట్టేసేవాళ్లు, ఊళ్లో నాటకం వేస్తున్నారు రమ్మంటే హుషారుగా వెళ్లి కూర్చుంటారు. మొదటి పద్యానికే బిక్కమొహం వేస్తారు. వాళ్ల తప్పేం లేదు, పద్యానికి తాళం ఉండదు. తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు, నటుడు తన ఇష్టమొచ్చిన చోట సాగదీస్తాడు, ఇష్టమొచ్చిన చోట పరిగెత్తుతాడు, లెక్కపెట్టుకోవడానికి మీకు చేతిలో ఏమీ ఉండదు. మీ దగ్గర ఉన్నదల్లా ఆ పద్యమే. కాబట్టి ఈ విద్యలో మెట్ల మీద వేళ్ల పని సగమే, మిగతా సగం తెలుగు చదవడం. ఇది చెప్తే కుర్రాళ్లు నవ్వుతారు కానీ, ఛందస్సు అక్షరం ముక్క తెలియకుండా రాయబారం సీనుకి వాయించబోవడం దండగ.

ముందు శ్రుతి సంగతి

నాటకం మొదలయ్యే ముందు మేకప్ గదిలోకి వెళ్లండి. పద్యాలున్న ప్రతి నటుడినీ అడగండి: "బాబాయ్, మీకెంత ఇమ్మంటారు?" అని. ఒకాయన నాలుగున్నర అంటాడు, ఇంకొకాయన ఐదున్నర అంటాడు (తెల్లమెట్లకి ఒకటి, రెండు అని అంకెలు, వాటి మధ్య నల్లమెట్లకి ఒకటిన్నర, రెండున్నర అని పిలుపు), మూడో ఆయన "మీ ఇష్టం మేస్టారూ" అంటాడు. జాగ్రత్తపడాల్సింది ఈ మూడో ఆయనతోనే. అక్కడే ఒక పద్యం సగం పాడించి చూసుకోండి, ఆయన ఒప్పుకున్న శ్రుతికీ గొంతు అందుకునే శ్రుతికీ ఒకటిన్నర తేడా ఉండొచ్చు. కాంట్రాక్టు నాటకాల్లో కృష్ణుడు ఒక ఊరు నుంచి, దుర్యోధనుడు ఇంకో ఊరు నుంచి వచ్చి స్టేజీ మీదే కలుస్తారు, రిహార్సల్ ఊసే ఉండదు. ఎవరికెంతో చిన్న కాగితం మీద రాసి మెట్ల పైన అంటించుకోండి. సిగ్గుపడాల్సిన పనేం కాదది.

మైకుల్లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలని పై శ్రుతిలో పాడేవాళ్లు. మైకులొచ్చినా ఆ పంథా పోలేదు, అందుకని పై శ్రుతుల్లో వేళ్లు బాగా నలగాలి. అన్ని శ్రుతుల్లోనూ అన్ని రాగాలూ సాధన చెయ్యమని పెద్దలంటారు. అది నిజమే కానీ మొదట్లో ఒక కిటుకు పట్టుకోండి. నల్లమెట్లు ఐదే కదా, ఆ ఐదింటి మీదే వాయిస్తే ఏ మెట్టుని షడ్జమం (సా) అనుకుంటే దాన్నిబట్టి రాగం మారిపోతుంది. ఒకటిన్నర నుంచి మొదలుపెడితే శుద్ధసావేరి, రెండున్నర నుంచి శుద్ధధన్యాసి, నాలుగున్నర నుంచి మోహన, ఐదున్నర నుంచి మధ్యమావతి, ఆరున్నర నుంచి హిందోళం. తెల్లమెట్టు ఒక్కటీ తాకకుండా అన్నమాట. కృష్ణుడు నాలుగున్నరలో మోహన అందుకుంటే మీరు కళ్లు మూసుకునైనా వాయించొచ్చు. అదే ఆయన ఐదులో అందుకుంటే మోహన మొత్తం తెల్లమెట్ల మీదే పడుతుంది, అదీ సుఖమే. ఇబ్బందంతా ఈ రెంటికీ మధ్యలో కాస్త పైనో కిందో నిలబడే గొంతులతోనే. ఆయన్ని మెట్టు మీదకి లాగడం తప్ప మీరు చెయ్యగలిగింది లేదు, హార్మోనియానికి రెండు మెట్ల మధ్య స్వరం లేదు మరి.

ఆ లోటు గురించే ఒక మాట. హార్మోనియం మన వాద్యం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చింది, కలకత్తాలో చేతిపెట్టెగా మారింది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దానికి చేతకాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని స్టూడియోలోకే రానివ్వలేదు. నాటకం వాళ్లు మాత్రం వదల్లేదు, ఎందుకంటే ఆరుబయట పందిట్లో తెల్లవార్లూ పాడే గొంతుకి ఆసరాగా నిలబడే వాద్యం వేరే లేదు. గమకం పలకదన్న ఆరోపణ నిజమే, ఒప్పేసుకోండి. నటుడు ముఖారిలోనో ఆనందభైరవిలోనో స్వరాన్ని ఊపుతుంటే మీరు పక్కపక్క మెట్లు గబగబా కొట్టి అనుకరించబోకండి, దంతాలు కొరికినట్టు ఉంటుంది. ఆయన ఏ స్వరం చుట్టూ తిరుగుతున్నాడో దాన్ని పట్టుకుని ఆగండి, అంతే.

పాదం చివర ఆగకండి

అసలు పాఠం ఇది. కొత్తగా వాయించేవాళ్లందరూ పాదం అయిపోగానే ఠపీమని షడ్జమం మీద వాలతారు. పద్యానికి నాలుగు పాదాలు, ప్రతి పాదం చివరా ఒక ఆగింపు అని వాళ్ల లెక్క. తిరుపతి వెంకట కవుల ఉద్యోగవిజయాల (కృష్ణ రాయబారం ఉన్న నాటకాలు) పద్యాలు తీసి చూడండి, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది.

"అలుగుటయే యెరుంగని" పద్యం అందరికీ నోటికి వచ్చు. రెండో పాదం ఎక్కడ ముగుస్తుంది? "సాగరములన్నియు నేకము కాకపోవు కర్", అక్కడ. మూడో పాదం "ణులు పదివేవురైన" అని మొదలవుతుంది. చంపకమాల గణాలు అలా కుదిరాయి, కవులు కర్ణుణ్ణి పాదాల మధ్య పడుకోబెట్టారు. నటుడు "కర్ణులు" అని కలిపే పాడతాడు. మీరు ఛందస్సు పుస్తకం గుర్తుపెట్టుకుని "కర్" దగ్గర షడ్జమం దించారంటే, కురుక్షేత్రం దాకా ఆగకుండా కర్ణుణ్ణి మీరే రెండు ముక్కలు చేసినట్టు. "జెండాపై కపిరాజు"లోనూ ఇదే తంతు: మూడో పాదం "చెండుచున్నప్పు డొ" దగ్గర అయిపోతుంది, "క్కండు న్నీమొర" నాలుగో దాంట్లో పడుతుంది. "చెల్లియో చెల్లకో"లో మాట తెగదు గానీ రెండో పాదం చివరనున్న "నీ" అన్న మాట మూడో పాదంలోని "పిల్లలు పాపలున్"కి చెందింది. ఈ మూడూ రాయబారం పద్యాలే, మూడింట్లోనూ పాదం చివర ఆగితే అర్థం కుప్పకూలుతుంది.

యతి దగ్గర ఆగుతారేమో అనుకుంటారు ఇంకొందరు. శార్దూలానికి యతి పదమూడో అక్షరం. "జెండాపై కపిరాజు ముందు సిత వాజిశ్రేణి" లెక్కపెట్టండి, పదమూడోది "జి". అక్కడ ఆగితే "వా" ఒక వైపు, "జి" ఒక వైపు. కాబట్టి యతి కవి గారి చెవి కోసం, మీ చెయ్యి కోసం కాదు.

మీకు పనికొచ్చేది ప్రాస. పాదంలో రెండో అక్షరం నాలుగు చోట్లా ఒకటే హల్లు కదా, దాన్ని వింటూ ఉంటే ఏ పాదంలో ఉన్నారో లెక్క తెలుస్తుంది. చెల్లియో, తొల్లి, పిల్లలు, యెల్లి. పాదం మొదట్లో నాలుగోసారి "ల్ల" వినపడిందంటే ఆఖరి పాదం వచ్చేసింది, రాగం అక్కడే విప్పుతారు, తిత్తిలో గాలి నింపుకుని సిద్ధంగా ఉండండి. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకో మరి.

పద్యం నడుస్తున్నంతసేపూ చెయ్యాల్సింది చాలా తక్కువ. షడ్జమ పంచమాలు పలుచగా ఉంచండి (కాలి హార్మోనియం దొరికితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, దొరికితే వదలొద్దు). కుడి చెయ్యి నటుడి వెనకాల అరక్షరం దూరంలో నడవాలి, ముందు నడవకూడదు. ఆయన పై షడ్జమం తాకబోతున్నాడని మీకు తెలిసినా మీరు ముందు తాకకండి, చప్పట్లు కొట్టేవాళ్లు ఆయన కోసం వచ్చారు. సాహిత్యం పలుకుతుంటే అణగండి, "ఆ" అని రాగం తీస్తుంటే కింది స్థాయిలో తోడు వెళ్లండి, ఆయన ఊపిరి పీల్చుకునేటప్పుడు ఒక చిన్న సంగతి (నాలుగు స్వరాల ముక్క) వేసి వెనక్కి రండి.

పద్యానికి ముందు వచనం ఉంటుంది, దాని ఆఖరి వాక్యం మీకు కంఠతా రావాలి. ఆ వాక్యం కింద సన్నగా రాగఛాయ ఒకటి వెయ్యాలి, మాట అవగానే శ్రుతి మిగలాలి. ఇక్కడ ఒక రహస్యం ఉంది: మీరు ఏ స్వరం మీద వదిలితే నటుడు దాదాపు అక్కడే ఎత్తుకుంటాడు. పై స్థాయిలో వదిలితే పై నుంచి దిగుతాడు, మంద్రంలో వదిలితే కింది నుంచి మొదలుపెడతాడు. ఆయనకి ఈ విషయం చెప్పక్కర్లేదు.

ఇక పద్యాల మీద నా గొడవలు

"జెండాపై కపిరాజు" అందరూ కిరీటంలో పెడతారు. మంచి పద్యమే, కాదనను, రథం ముందు తెల్లగుర్రాలూ, దండం పట్టి తోలే కృష్ణుడూ, నారి సారించే అర్జునుడూ అన్నీ కళ్లకి కడతాయి. కానీ హార్మోనియం వాయించేవాడికి అందులో మిగిలేదేమీ లేదు. "జెండా" అనగానే జనం అరుస్తారు, ఆ అరుపుల్లో మీరు కల్యాణి వాయించినా ఖరహరప్రియ వాయించినా ఎవరికీ పట్టదు. శ్రుతి గట్టిగా పట్టుకుని కూర్చోండి. ప్రదర్శన ఇచ్చే పద్యం కాదిది.

"అలుగుటయే" మాత్రం నా లెక్కలో ఆ నాటకాల్లోకెల్లా పెద్ద పద్యం, దాన్నే ఎక్కువమంది పాడు చేస్తారు. కోపమంటే ఏమిటో తెలియని మహాత్ముడు కోప్పడితే ఏమవుతుందో చెప్పే పద్యాన్ని మొదటి అక్షరం నుంచే ఉరుముల్లాగా పాడితే ఇంక పెరగడానికి ఏం మిగిలింది? ధర్మరాజు గురించి చెప్పే మొదటి పాదం మెత్తగా ఉండాలి, సముద్రాలు ఏకమయ్యేది రెండో పాదంలో. మీరు చెయ్యగలిగింది ఇందాక చెప్పిందే: మంద్రంలో వదలండి. పదిమందిలో ఆరుగురైనా అక్కడి నుంచే అందుకుంటారు, పద్యం దానంతటదే ఎదుగుతుంది. మిగతా నలుగురూ ఎలాగూ ఎవరి మాటా వినరు.

పడక సీనులో "బావా ఎప్పుడు వచ్చితీవు" దుర్యోధనుడికి, "ఎక్కడనుండి రాక" అర్జునుడికి. రెండూ కుశల ప్రశ్నలే. కృష్ణుడు నిద్ర నటించి లేచి, ఇద్దరినీ పలకరిస్తాడు. మొదటిదాంట్లో మర్యాద ఎక్కువ, ప్రేమ తక్కువ: కర్ణుడు బాగున్నాడా, భీష్ముడు బాగున్నాడా, ద్రోణుడు బాగున్నాడా అని పేరుపేరునా అడుగుతాడు, ఎగతాళి ఎక్కడుందో చూపించడు. రెండోది నిజమైన పలకరింపు. ఈ రెంటికీ ఒకే రాగం, ఒకే బరువు వేసి వాయించేస్తారు చాలామంది, ఆ సీనంతా దానితో చప్పబడిపోతుంది. మొదటి పద్యానికి ముందు మీ సంగతి కాస్త ఆర్భాటంగా, దర్బారు పద్ధతిలో ఉండనివ్వండి, రెండోదానికి రెండు మూడు స్వరాలతో సరిపెట్టండి. పలకరింపుకి అరగంట ఆలాపన చేసే కృష్ణుళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదించకండి, పారితోషికం తీసుకుని ఇంటికి రండి.

"చెల్లియో చెల్లకో"కి పరీక్ష ఆఖరి పాదంలో ఉంది. సంధి చేసుకుంటావా, రేపే యుద్ధం తెచ్చుకుంటావా, తేల్చి చెప్పు అంటున్నాడు కృష్ణుడు. "యెల్లి రణంబె" దగ్గర ఒక్క క్షణం హార్మోనియం పూర్తిగా ఆపేసి చూడండి, శ్రుతి కూడా. సభ మొత్తం నిశ్శబ్దమవుతుంది. మంచి నటుడైతే దాన్ని వాడుకుంటాడు, భయపడే నటుడైతే మీ వైపు ఉరిమి చూస్తాడు. ఎవరితో చెయ్యాలో ఎవరితో చెయ్యకూడదో మేకప్ గదిలోనే తెలిసిపోతుంది.

హరిశ్చంద్ర కాటిసీను వేరే లోకం. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, కానీ జనం ఎదురుచూసేది జాషువా గారి శ్మశానవాటి పద్యాల కోసం. అవి ఖండకావ్యంలోంచి వచ్చి నాటకంలో కూర్చున్నాయి, ఇప్పుడు వాటిని లేవదీసే మొనగాడు లేడు. "ఇచ్చోటనే" సీసం. సీసంలో పాదాలు పొడుగు, ఒక్కో పాదం రెండు ముక్కలు, నాలుగూ ఒకే అచ్చులో ఉంటాయి, కింద తేటగీతి. ఒకే వరస నాలుగుసార్లు వినిపిస్తే విసుగొస్తుందని పాదానికో రాగం మార్చేవాళ్లున్నారు. నాకది నచ్చదు. అక్కడ కవి కలం, రాజు ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె వరసగా పోతున్నాయి. ఎవరు పోయినా చోటు అదే అన్నది కదా పద్యం, మరి రాగం ఎందుకు మారాలి? ఒకే రాగంలో ఉంచి, మీ వాయింపు పాదం పాదానికీ తగ్గించుకుంటూ రండి. నల్లపూసల దగ్గరికి వచ్చేసరికి షడ్జమ పంచమాలు తప్ప ఏమీ ఉండకూడదు. తర్వాత తేటగీతి, "ఇది పిశాచులతో" అని రాగానే గాలి పెంచండి, శివుడు గజ్జె కదిలిస్తున్నాడు అక్కడ. కాటిసీనంతా శుభపంతువరాలితో ఏడిపించాలనుకునేవాళ్లకి నాదొకటే మనవి, హరిశ్చంద్రుడు ఆ సీనులో ఏడవడం కంటే ఆలోచించడమే ఎక్కువ.

పాటలకి వస్తే తబలా ఉంటుంది కాబట్టి పని సులువు. అయినా "మీరజాలగలడా" గురించి చెప్పాలి. శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావు గారు ఊరూరా నిలబెట్టిన పాట అది, ఆయనే రాసుకున్నారని ప్రతీతి. 1966లో సినిమాలో సుశీల గారు పాడాక అందరి చెవుల్లో సినిమా వరసే స్థిరపడింది. ఇప్పుడు నాటకంలో కూడా హార్మోనియం వాళ్లు సినిమాలోని మధ్య సంగీతం మొత్తం దించేస్తున్నారు, సత్యభామ ఏం చెయ్యాలో తెలియక జడ సవరించుకుంటూ నిలబడుతుంది. స్టేజీ మీద ఆ పాటకి వాద్యం ముక్కలు అక్కర్లేదు. "మీరజాలగలడా" అన్నాక నటి కళ్లు తిప్పుకోవడానికి, రెండడుగులు వెయ్యడానికి ఖాళీ కావాలి. తబలా ఒక్కటే నడవనివ్వండి, మీరు చేతులు తీసెయ్యండి.

వన్స్ మోర్, చదివింపులు, మైకు

వన్స్ మోర్ పడితే నటుడు రెండోసారి అలాగే పాడడు, పాడితే జనం ఊరుకోరు. పోయినసారి వేసిన సంగతులే మీరు వేస్తే ఆయన కొత్తగా వెళ్లే దారికి అడ్డం పడతారు. రెండోసారి మొదటి రెండు పాదాలు ఉత్త శ్రుతితో సరిపెట్టి, ఆయన ఎటు పోతున్నాడో చూసి అప్పుడు కదలండి.

పల్లెటూళ్లలో సీను మధ్యలోనే మైకులో చదివింపులు మొదలవుతాయి, ఫలానా వారు నూటపదహార్లు, ఫలానా వారు అయిదువందల పదహార్లు అని. నటుడు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. ఆ కాసేపూ శ్రుతి వదలకండి, సన్నగా ఉంచండి. వదిలారంటే తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఆయన అరమెట్టు కింద అందుకుంటాడు, మిగతా పద్యమంతా ఇద్దరికీ టెన్షనే.

మైకు హార్మోనియానికి దగ్గరగా పెట్టనివ్వకండి. సౌండు అబ్బాయికి హార్మోనియం గట్టిగా వినపడితే గొప్ప అనే భ్రమ ఉంటుంది, "తమ్ముడూ, నాది తగ్గించు, ఆయనది నాకు వినపడేలా ఒక స్పీకరు ఇటు తిప్పు" అని ముందే చెప్పండి. కీబోర్డు వాడితే వాడండి, నాకేం పట్టింపు లేదు, హార్మోనియం స్వరమే పెట్టుకోండి, వయొలిన్లూ వేణువులూ మార్చొద్దు. ట్రాన్స్‌పోజ్ బటన్‌ని మాత్రం నమ్ముకోకండి. సీను మధ్యలో దుర్యోధనుడు అందుకునేసరికి బటన్ నొక్కుతూ కూర్చోవాల్సి వస్తుంది.

సాధన ఎలాగంటే, ఒక్కో పద్యం తీసుకుని ముందు పుస్తకం చూసి సంధులు విడదీసుకుని మామూలు మాటల్లా పైకి చదవండి. తర్వాత షడ్జమం ఒక్కటే పట్టుకుని మీరే పాడండి, గొంతు ఎలా ఉన్నా సరే, ఊపిరి ఎక్కడ కావాలో తెలుస్తుంది. ఆ తర్వాత అదే పద్యం ఇద్దరు ముగ్గురు నటులు పాడింది వినండి. షణ్ముఖి ఆంజనేయరాజు గారివీ, పీసపాటి నరసింహమూర్తి గారివీ యూట్యూబులో దొరుకుతాయి. ఒకరు ఆగిన చోట ఇంకొకరు ఆగరు, ఎక్కడ ఎవరు ఆగారో పెన్సిలుతో గీసుకోండి.

వరసలో "ఎక్కడనుండి రాక"తో మొదలుపెట్టండి, తేలిగ్గా ఉంటుంది. తర్వాత "చెల్లియో చెల్లకో", తర్వాత "ఇచ్చోటనే", ఇవి కుదిరాక "అలుగుటయే". "జెండాపై కపిరాజు" అన్నిటికంటే ఆఖర్న నేర్చుకున్నా నష్టం లేదు. ఈలోగా ఎవరైనా పిలిచి అదే వాయించమంటే సా పట్టుకుని కూర్చోండి, మిగతాది పాడేవాళ్లూ జనమూ చూసుకుంటారు.